ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానమార్గం

ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానమార్గం భారతదేశ రాజధాని ఢిల్లీలోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కలిపే దూరప్రయాణ మార్గం. ఈ రెండు విమానాశ్రయాల మధ్య భూతలంపై కనిష్ఠ దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. ఇది సుమారు 7,690 మైళ్ళకు, 6,685 నాటికల్ మైళ్ళకు సమానం. అయితే విమానాలు నిజంగా ఎగిరే దూరం ఎన్నుకున్న దారిని బట్టి ఇంతకంటె చాలా ఎక్కువగా ఉంటుంది. పట్టే సమయం కూడా దూరాన్ని బట్టి కాక, గాలిని బట్టి, దారిలోని దేశాల గగనతల అనుమతులను బట్టి మారుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ మార్గంలో సుమారు 1,400 కి.మీ. ఎక్కువ దూరం ఎగిరి, గంటకు పైగా ముందుగా గమ్యం చేరటం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

రెండు విమానాశ్రయాలు

ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఢిల్లీ నగరానికి నైరుతి దిశలో పాలం వద్ద ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 237 మీటర్ల ఎత్తులో, 28.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.1 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. దీని అంతర్జాతీయ సంకేతం డి.ఇ.ఎల్. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేడికి గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు తగినంత ఎత్తుడు బలం రావాలంటే విమానం రన్‌వేపై మరింత వేగం అందుకోవాలి. అందువల్ల నిండా ఇంధనం నింపుకొని బయలుదేరే దూరప్రయాణ విమానాలు వేసవిలో కొన్నిసార్లు బరువు తగ్గించుకోవలసి వస్తుంది. ఇవి రాత్రివేళ, తెల్లవారుజామున బయలుదేరటానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయం ఆ నగరానికి దక్షిణంగా సుమారు 20 కి.మీ. దూరంలో, సముద్రపు ఖాతం ఒడ్డున, దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నది. దీని స్థానం 37.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 122.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. సంకేతం ఎస్.ఎఫ్.ఓ. సిలికాన్ వ్యాలీకి ఇది ప్రధాన అంతర్జాతీయ ద్వారాలలో ఒకటి.

కనిష్ఠ దూరం

గోళంపై రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం వాటి గుండా పోయే మహావృత్తం వెంబడి ఉంటుంది. గోళ కేంద్రమే తనకూ కేంద్రంగా ఉన్న వృత్తాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. గ్లోబుపై రెండు ఊళ్ళ మధ్య దారాన్ని బిగించి పడితే ఆ దారం మహావృత్త మార్గాన్ని చూపుతుంది. గోడకు తగిలించే చదును పటంలో ఇదే మార్గం ధ్రువం వైపు వంగిన విల్లులా కనబడుతుంది.

ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల రేఖాంశాల మధ్య తేడా సుమారు 160.5 డిగ్రీలు. అంటే ఈ రెండు నగరాలు భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయి. అందువల్ల వీటి మధ్య దగ్గరి దారి తూర్పుగానో పడమరగానో కాక ఉత్తరంగా పోతుంది. లెక్క ప్రకారం ఢిల్లీ నుండి బయలుదేరే మహావృత్తం నేరు ఉత్తర దిశకు 16 డిగ్రీలు మాత్రమే తూర్పుకు ఒరిగి ఉంటుంది. ఇది హిమాలయాలు, కున్‌లున్ పర్వతాలు, తక్లమకాన్ ఎడారి, ఆల్తాయ్ పర్వత ప్రాంతం, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రాన్ని చేరుతుంది. తూర్పు సైబీరియా సముద్రంపై దాదాపు 75.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు ఎక్కి, అక్కడి నుండి దిగుతూ అలాస్కా ఉత్తర తీరం, పశ్చిమ కెనడాల మీదుగా కాలిఫోర్నియా చేరుతుంది.

కనిష్ఠ దూరాన్ని పాటించటంలో అడ్డంకులు

టిబెట్ పీఠభూమి: దీని సగటు ఎత్తు దాదాపు 4,500 మీటర్లు. ప్రయాణికుల విమానం లోపల గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే, విమానాన్ని సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు త్వరగా దించాలి. అందరికీ ఊపిరాడేది ఆ ఎత్తుకు దిగిన తరువాతనే. ప్రయాణికుల ముసుగులకు వచ్చే ప్రాణవాయువు కొద్ది నిముషాలకే సరిపోతుంది. కింద నేలే 4,500 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు అంత కిందికి దిగటం అసాధ్యం. ఈ కారణంగా పౌర విమానాలు సాధారణంగా ఈ పీఠభూమిని తప్పించి, చుట్టూ తిరిగి పోతాయి.

అత్యవసర విమానాశ్రయాలు: రెండు ఇంజన్ల విమానం తన దారిలో ఏ చోట ఉన్నా, ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలోగా చేరుకోగలిగే విమానాశ్రయం ఒకటి ఉండి తీరాలి. ఈ నియమాలను ఈటాప్స్ అంటారు. సైబీరియా ఉత్తర భాగంలోను, ఆర్కిటిక్ ప్రాంతంలోను అటువంటి విమానాశ్రయాలు తక్కువ.

ధ్రువప్రాంత పరిస్థితులు: జెట్ ఎ-1 ఇంధనం ఘనీభవన ఉష్ణోగ్రత -47 డిగ్రీల సెల్సియస్. ఆర్కిటిక్‌పై శీతకాలంలో బయటి గాలి ఇంతకంటె చల్లగా ఉండవచ్చు. కనుక ఇంధనపు ఉష్ణోగ్రతను గమనిస్తూ, అవసరమైతే ఎత్తునో వేగాన్నో మార్చుకోవలసి ఉంటుంది. అయస్కాంత దిక్సూచి అక్కడ నమ్మదగినది కాదు. సౌర తుఫానుల సమయంలో రేడియో సంబంధాలు దెబ్బతింటాయి.

గగనతలం: ప్రతి దేశానికీ తన భూభాగంపై ఉన్న ఆకాశంపై సంపూర్ణాధికారం ఉన్నదని 1944 నాటి చికాగో ఒప్పందం గుర్తించింది. ఒక దేశం అనుమతి నిరాకరిస్తే ఆ దేశాన్ని చుట్టి పోవలసిందే.

వాడుకలోకి వచ్చిన దారులు

ఈ మార్గంలో ఎయిర్ ఇండియా 2015 డిసెంబరు 2న నేరు విమానాన్ని ప్రారంభించింది. అప్పట్లో ఈ సంస్థ భారత ప్రభుత్వానిది. 2022 జనవరిలో టాటా గ్రూపు చేతికి వచ్చింది. సర్వీసుకు బోయింగ్ 777-200ఎల్‌ఆర్ రకం విమానాన్ని వాడారు. ఆగకుండా 15,000 కి.మీ. పైగా ఎగరగల విమానం ఇది. 2005 నవంబరులో ఈ రకం విమానం హాంగ్‌కాంగ్ నుండి తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా లండన్‌కు 21,602 కి.మీ. దూరం 22 గంటల 42 నిముషాలలో ఎగిరి రికార్డు నెలకొల్పింది. అది ప్రయాణికుల సర్వీసు కాదు, ప్రదర్శన కొరకు చేసిన ప్రయాణం.

అట్లాంటిక్ దారి: మొదట విమానాలు ఢిల్లీ నుండి వాయవ్యంగా పోయి, యూరప్ ఉత్తర భాగం, అట్లాంటిక్, కెనడాల మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరేవి. ఈ దారి పొడవు సుమారు 13,900 కి.మీ.

పసిఫిక్ దారి: 2016 అక్టోబరు 16న విమానం ఢిల్లీ నుండి తూర్పుగా బయలుదేరి పసిఫిక్ మహాసముద్రం మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. సుమారు 15,300 కి.మీ. దూరాన్ని సుమారు 14.5 గంటలలో ముగించింది. ఎగిరిన దూరాన్ని బట్టి, ఆనాటికి ఆగకుండా నడిచే ప్రయాణికుల సర్వీసులలో ఇదే అతి పొడవైనదని వార్తాపత్రికలు రాశాయి. ఈ లెక్కన భూమిపై విమానం సగటు వేగం గంటకు సుమారు 1,055 కి.మీ. నిశ్చలమైన గాలిలో ఈ విమానం వేగం గంటకు దాదాపు 900 కి.మీ. మాత్రమే. మిగిలినది గాలి ఇచ్చిన సాయం.

ధ్రువ దారి: 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా నడిపింది. 2021 జనవరిలో ఇదే సంస్థ శాన్ ఫ్రాన్సిస్కో - బెంగుళూరు సర్వీసును ప్రారంభించినప్పుడు, మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కెప్టెన్ పాపగారి తన్మయి సహా నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు.

దూరం పెరిగినా సమయం తగ్గటం

భూమి నుండి సుమారు 9 నుండి 12 కి.మీ. ఎత్తులో, మధ్య అక్షాంశాలలో పడమర నుండి తూర్పుకు సన్నని నదుల వలె వేగంగా వీచే గాలులను జెట్ ప్రవాహాలు అంటారు. దూరప్రయాణ విమానాలు ఎగిరేది కూడా ఇంచుమించు ఈ ఎత్తులోనే. జపాను దేశపు వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి 1920లలో బెలూనులు ఎగురవేసి ఈ గాలులను గుర్తించాడు. తన ఫలితాలను ఎస్పరాంతో భాషలో ప్రకటించటం వలన వాటిని ప్రపంచం చాలాకాలం గమనించలేదు. జపాను, ఉత్తర పసిఫిక్‌ల మీద శీతకాలంలో ఈ ప్రవాహం చాలా బలంగా ఉంటుంది. కొన్ని సందర్భాలలో గంటకు 300 కి.మీ. దాటుతుంది.

విమానం గాలిలో ఎంత వేగంతో పోతున్నదనేది ఒకటి, నేలపై ఎంత దూరం గడిచినదనేది మరొకటి. ఎదురుగాలి ఉంటే దాని వేగాన్ని విమాన వేగం నుండి తీసివేయాలి, అనుకూల పవనం ఉంటే కలపాలి. పసిఫిక్ దారికి మారినప్పుడు సంస్థ అధికారులు అట్లాంటిక్ దారిలో గంటకు 24 కి.మీ. ఎదురుగాలి, పసిఫిక్ దారిలో గంటకు 138 కి.మీ. అనుకూల పవనం ఉంటాయని చెప్పారు. నిశ్చల గాలిలో విమాన వేగం గంటకు 900 కి.మీ. అనుకొని ఈ గాలులతో లెక్క వేస్తే ఫలితం ఇలా ఉంటుంది:

- మహావృత్తం, 12,380 కి.మీ., గాలి లేదనుకుంటే: సుమారు 13 గంటల 45 నిముషాలు
- అట్లాంటిక్ దారి, 13,900 కి.మీ., గాలి లేదనుకుంటే: సుమారు 15 గంటల 27 నిముషాలు
- అట్లాంటిక్ దారి, ఎదురుగాలితో: సుమారు 15 గంటల 52 నిముషాలు
- పసిఫిక్ దారి, 15,300 కి.మీ., గాలి లేదనుకుంటే: 17 గంటలు
- పసిఫిక్ దారి, అనుకూల పవనంతో: సుమారు 14 గంటల 44 నిముషాలు

గాలి లేకపోతే పసిఫిక్ దారి గంటన్నర నష్టం. గాలి తోడైతే గంటకు పైగా లాభం. ఇదే లెక్కలో పసిఫిక్‌పై అనుకూల పవనం గంటకు సుమారు 64 కి.మీ. కంటె తగ్గితే రెండు దారులకూ తేడా పోయి, అట్లాంటిక్ దారే మేలవుతుంది. జెట్ ప్రవాహం వేసవిలో బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది కనుక ఏడాది పొడవునా ఒకే దారి మంచిదని చెప్పటానికి వీలుండదు. ఆ రోజు వాతావరణ సూచనను బట్టి ప్రతి విమానానికీ దారిని విడిగా లెక్కించి నిర్ణయిస్తారు. తిరుగు ప్రయాణంలో గాలుల లెక్క తారుమారవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో నుండి పసిఫిక్ మీదుగా వచ్చే విమానానికి అదే జెట్ ప్రవాహం ఎదురుగాలి అవుతుంది.

ఇంధన వినియోగం ముఖ్యంగా గాలిలో ఉన్న గంటలను బట్టి ఉంటుంది. అందువల్ల నేలపై దూరం పెరిగినా సమయం తగ్గితే ఇంధనం మిగులుతుంది. మిగిలిన ఇంధనపు బరువుకు బదులుగా ఎక్కువమంది ప్రయాణికులను గాని, సరుకును గాని తీసుకుపోవచ్చు.

ప్రయాణ సమయాన్ని లెక్కించే విధం

టికెట్టుపై కనిపించే సమయం విమానం గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. విమానం తన నిలుపు స్థలం నుండి కదిలినప్పటి నుండి గమ్యంలో నిలుపు స్థలం చేరి ఆగే వరకు గల మొత్తం సమయాన్ని బ్లాక్ సమయం అంటారు. రన్‌వే వరకు నేలపై నడవటం, వంతు కొరకు వేచి ఉండటం ఇందులో కలిసి ఉంటాయి. కనుక ఇది గాలిలో ఉన్న సమయం కంటె సాధారణంగా అరగంట వరకు ఎక్కువగా ఉంటుంది.

స్థానిక సమయాల తేడా కూడా ప్రయాణికులను తికమక పెడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో గడియారం భారత కాలమానం కంటె శీతకాలంలో 13 గంటల 30 నిముషాలు, వేసవి కాలమానం అమలులో ఉన్నప్పుడు 12 గంటల 30 నిముషాలు వెనుక ఉంటుంది. వేసవి కాలమానం ఉన్న రోజులలో ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి 14.5 గంటలు ప్రయాణించిన వ్యక్తి, అదే ఆదివారం ఉదయం 6 గంటలకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతాడు. గడియారాలను బట్టి చూస్తే ప్రయాణానికి పట్టినది రెండు గంటలే. తిరుగు ప్రయాణంలో ఈ మిగులంతా ఖర్చవుతుంది. సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 16 గంటలు ప్రయాణిస్తే, ఢిల్లీలో దిగేది మంగళవారం సాయంత్రం 4.30కి.

ఇంత దీర్ఘ ప్రయాణంలో ఒకే జట్టు పైలట్లు విమానాన్ని మొత్తం నడపటానికి నియమాలు ఒప్పుకోవు. సాధారణంగా నలుగురు పైలట్లు ఉండి వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటారు. దారి మారి ప్రయాణం రెండు మూడు గంటలు పెరిగితే, ఇంధనంతో పాటు సిబ్బంది పనిగంటల పరిమితి కూడా అడ్డు వస్తుంది.

గగనతలాల మూసివేత ప్రభావం

2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తరువాత పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జూలై 16న తిరిగి తెరిచింది. ఈ కాలంలో ఢిల్లీ నుండి యూరప్, అమెరికాలకు పోయే విమానాలు గుజరాత్, అరేబియా సముద్రాల మీదుగా తిరిగి పోవలసి వచ్చింది. జూలై 2 నాటికి ఎయిర్ ఇండియాకు దీనివలన 491 కోట్ల రూపాయల నష్టం కలిగిందని భారత ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా గగనతలం అమెరికా, ఐరోపా సమాఖ్య దేశాల విమాన సంస్థలకు మూతపడింది. 2019 డిసెంబరులో ఈ మార్గంలో నేరు సర్వీసు ప్రారంభించిన అమెరికా సంస్థ యునైటెడ్ ఎయిర్‌లైన్స్, 2022లో దానిని నిలిపివేసింది. భారతీయ సంస్థలకు ఈ నిషేధం వర్తించలేదు. అయితే రష్యా మీదుగా పోవటంలోని ఇబ్బంది మరొక రూపంలో బయటపడింది. 2023 జూన్ 6న 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బందితో శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజనులో లోపం వలన రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ పట్టణంలో దిగింది. అంత చిన్న ఊరిలో అందరికీ హోటళ్ళు దొరకక, ప్రయాణికులకు తాత్కాలిక వసతులు ఏర్పాటు చేయవలసి వచ్చింది. మరొక విమానం వచ్చి వారిని తీసుకొనిపోయే సరికి రెండు రోజులు పట్టింది. 2024 జూలైలో ఇదే మార్గంలోని మరొక విమానం సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో దిగింది. రెండు సంఘటనలలోనూ ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు.

2025 ఏప్రిల్ 24న పహల్‌గామ్ ఉగ్రవాద దాడి అనంతర పరిణామాలలో పాకిస్తాన్ మరల భారతీయ విమానాలకు గగనతలాన్ని మూసివేసింది. ఉత్తర అమెరికాకు పోయే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కొరకు వియన్నా వంటి నగరాలలో ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో నుండి ఢిల్లీకి కోల్‌కతా మీదుగా కూడా విమానాలు నడిచాయి. అటువంటి విమానం ఒకటి 2025 నవంబరులో సాంకేతిక లోపం అనుమానంతో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో దిగింది.

తెలుగు ప్రాంతాల నుండి ప్రయాణం

శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాలలోని ఫ్రీమాంట్, శాన్ హోసె, సన్నీవేల్ మొదలగు పట్టణాలలో తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. సిలికానాంధ్ర సంస్థ 2001లో ఏర్పడినది ఈ ప్రాంతంలోనే. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి చదువులకు, ఉద్యోగాలకు పోయేవారు, పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు ఢిల్లీ మీదుగా గాని, గల్ఫ్ నగరాలు, సింగపూర్, హాంగ్‌కాంగ్, యూరప్ నగరాల మీదుగా గాని ప్రయాణిస్తారు.

హైదరాబాదు (శంషాబాదు) నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 13,540 కి.మీ. హైదరాబాదు నుండి ఢిల్లీకి సుమారు 1,260 కి.మీ. కనుక ఢిల్లీ మీదుగా కనిష్ఠ దూరాల మొత్తం సుమారు 13,640 కి.మీ. అవుతుంది. పెరిగేది 100 కి.మీ. మాత్రమే. శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గరి దారి ఉత్తరంగా పోతుంది కాబట్టి ఢిల్లీ ఇంచుమించు ఆ దారిలోనే పడుతుంది. దుబాయి మీదుగా పోతే ఇదే మొత్తం సుమారు 15,600 కి.మీ. అవుతుంది. అంటే దాదాపు 2,000 కి.మీ. అధికం. అయినప్పటికీ ఇల్లు చేరే సమయం ఈ తేడాను బట్టి ఉండదు. మధ్య విమానాశ్రయంలో తరువాతి విమానం కొరకు ఎంతసేపు వేచి ఉండాలి, అక్కడ సామాను మార్చుకొని మరల తనిఖీలు జరిపించుకోవాలా, ఆ రోజు ఏ గగనతలం తెరిచి ఉన్నది అన్న విషయాలే మొత్తం ప్రయాణ సమయాన్ని నిర్ణయిస్తాయి.

ఇవి కూడా చూడండి

- ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
- రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
- ఎయిర్ ఇండియా
- జెట్ ప్రవాహం
- అంతర్జాతీయ దినరేఖ